ఊరుమ్మడి చోటు ఎవరి పంచ?

ఆర్కిటెక్చర్ చదివే పిల్లలకు ఇవ్వాళ ఒక మాట బాగా నేర్పుతున్నారు. ఆరుబయటను కూడా గదిలాగా చూడమంటున్నారు. వీధికి అటూ ఇటూ ఉన్న ఇళ్లే దానికి గోడలు. చెట్టు నీడే కప్పు. రోడ్డే గచ్చు. దిమ్మే కుర్చీ. ఇంటి లోపల గది అమర్చే మనిషి ఏమేం చూస్తాడు? వెలుతురు ఎటునుంచి పడుతుంది, మనిషి ఎక్కడ కూర్చుంటాడు, ఎదుటి మనిషికి ఎంత ఎడంగా కూర్చుంటాడు, చెయ్యి దేనికి తగులుతుంది, పాదం కింద ఏముంది, ఇవన్నీ చూస్తాడు. బస్టాండుకీ పార్కుకీ ఏటి రేవుకీ కూడా ఇంత శ్రద్ధా పెట్టాలనేది వాళ్ల వాదం. దీన్నే ఇంటీరియర్ ఆర్కిటెక్చర్ దృష్టితో బహిరంగ స్థలాల రూపకల్పన అంటున్నారు.

ఈ మాట కొత్తదేం కాదు. ఆస్ట్రియాకు చెందిన కమిల్లో సిట్టె 1889లోనే రాశాడు, పాత ఐరోపా పట్నాల కూడళ్లు గదుల్లాగా చుట్టూ మూసుకుని ఉండబట్టే మనుషులకు అక్కడ నిలబడబుద్ధి అయిందని. క్రిస్టఫర్ అలెగ్జాండర్, ఆయన సహచరులు 1977లో తెచ్చిన పుస్తకంలో 'ఆరుబయటి గది' ఒక సూత్రం. మన దేశంలో చార్లెస్ కొరియా ఆకాశమే కప్పుగా ఉన్న జాగాల గురించి జీవితమంతా మాట్లాడాడు.

మంచి మాటే. ఎండలో బస్సు కోసం నిలబడిన ముసలమ్మ నడుం నెప్పి గురించి ఆలోచించే డిజైన్ వస్తానంటే ఎవరు వద్దంటారు? కానీ వాడ వైపు నుంచి ఒక ప్రశ్న అడక్కుండా ఈ మాటను లోపలికి రానివ్వగూడదు. గది అన్నాక దానికో ఇంటాయన ఉంటాడు. ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో, ఎవరు గుమ్మం బయటే ఆగిపోవాలో చెప్పేది ఆయనే. మరి ఊరనే ఈ గదికి ఇంటాయన ఎవరు?

ఊరు ఎప్పుడూ గదే

కొల్లిపర సంగతి తీసుకుందాం. తెనాలికి ఉత్తరాన, కృష్ణ ఒడ్డున ఉన్న మండలం. కాలవల నీళ్లు, పసుపు, అరటి, కంద, ఏటి పక్క లంకలు. ఈ డెల్టాలో ఏ ఊరికైనా వెళ్లి చూడండి. పేర్లు మారతాయి గానీ ఊరి అమరిక పెద్దగా మారదు. నడిబొడ్డున గుడి, గుడి ముందు చెట్టు, చెట్టు కింద దిమ్మ, దిమ్మకు ఎదురుగా భూమి ఉన్న కులాల ఇళ్లు. ఆ ఇళ్లకు వీధివైపు అరుగులు. అరుగు మీద కూర్చుంటే దిమ్మ కనపడుతుంది, దిమ్మ మీద కూర్చుంటే అరుగు కనపడుతుంది. మాట అటునుంచి ఇటు పోతుంది. మాలపల్లె, మాదిగపల్లె ఈ చూపుకీ ఈ మాటకీ ఆనని చోట, కాలవకు అవతలో పల్లపు నేలలోనో ఉంటాయి.

అంటే ఊరి నడిబొడ్డును ఎవరో ఎప్పుడో గదిలాగా అమర్చే పెట్టారు. ఆ అరుగులకు పొడిగింపే ఆ దిమ్మ. అగ్రకులాల వాళ్ల ఇంటి పంచ గుమ్మం దాటి, వీధి దాటి, చెట్టు కిందిదాకా పరుచుకుంది. దానికే మనం రచ్చబండ అని పేరు పెట్టి, గ్రామ ప్రజాస్వామ్యానికి గుర్తుగా పాఠ్యపుస్తకాల్లో బొమ్మ వేసుకున్నాం. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని ఆకాశానికెత్తేవాళ్లను ఎందుకంత కటువుగా ఖండించాడో అర్థం కావాలంటే ఈ దిమ్మ కొలతలు తీసుకుంటే చాలు.

కొలతలు అన్నది ఊరికే అనలేదు. ఇంటీరియర్ ఆర్కిటెక్చర్ మనకు పనికొచ్చేది ఇక్కడే. కులాన్ని మనం భావజాలమనీ మతమనీ ఆర్థిక సంబంధమనీ చదివాం. కులం ఎత్తులూ ఎడాల లెక్క కూడా. అరుగు నేలకు ఎంత ఎత్తున ఉంది? కూలి డబ్బులడగడానికి వచ్చినవాడు నేలమీద నిలబడితే అతని తల అరుగు మీద కూర్చున్నవాడి మోకాళ్ల దగ్గరుందా, మొహం దగ్గరుందా? మంచం మీంచి లేచి నిలబడాల్సింది ఎవరు? చెప్పులు ఏ మలుపు దగ్గర చేతిలోకి వచ్చేవి? టీకొట్టులో ఏ గ్లాసు బల్లమీద ఉండేది, ఏ గ్లాసు చూరుకు వేలాడేది? చాలా ఊళ్లలో మొన్నమొన్నటిదాకా నడిచిన ఈ ఏర్పాట్లన్నీ డిజైనే. గీసినవాడి సంతకం మాత్రం ఉండదు. అందువల్లే దాన్ని సంప్రదాయం అనగలిగారు.

ఇంకో చిన్న వస్తువు చూడండి. మన ఊళ్లలో బస్సు ఆగే చోట, చెరువు గట్టున, బడి ఆవరణలో సిమెంటు బెంచీలు ఉంటాయి. వీపు ఆనించే పలక మీద ఫలానా కీర్తిశేషుల జ్ఞాపకార్థం అని ఇంటిపేరుతో సహా చెక్కి ఉంటుంది. పేరు చివర కులం కూడా ఉంటుంది. బెంచీ అందరిదీ, పేరు ఒకరిది. దానిమీద కూర్చున్న కూలిమనిషి వీపు తను ఎవరి పొలంలో నాట్లు వేస్తుందో ఆ పేరుకే ఆనుతుంది. కూర్చోవద్దని ఎవరూ అనరు. అనక్కర్లేదు కూడా. పెద్దాయన మనవడు రాగానే ఆమే లేస్తుంది.

నల్లగా ఏది, తెల్లగా ఏది

జంబాటిస్టా నొల్లి అనే ఆయన 1748లో రోము నగరానికి ఒక పటం గీశాడు. ఆర్కిటెక్చర్ విద్యార్థులందరికీ అది తెలుసు. ఇళ్లన్నీ నల్లగా వేసి, వీధులు తెల్లగా వదిలాడు. ఆయన తెలివంతా ఆ తరువాత చేసిన పనిలో ఉంది. చర్చీల లోపలి భాగాలను కూడా వీధుల్లాగే తెల్లగా వదిలాడు. ఎందుకంటే ఎవరైనా అక్కడికి నడిచి వెళ్లొచ్చు. కప్పు ఉందా లేదా అన్నది ఆయనకు పట్టలేదు. మనిషి అడుగు పడుతుందా లేదా అన్నదే చూశాడు. లోపలా బయటా అనే తేడాను ఆ పటం చెరిపేసిందని మేష్టర్లు చెబుతారు.

ఈ పద్ధతిలో మన ఊరి పటం గీయండి. వెంటనే ఒక చిక్కు వస్తుంది. ఎవరి అడుగు? భూమి ఉన్న ఇంటి మగవాడి అడుగు ప్రకారం గీస్తే గుడి తెలుపు, దిమ్మ తెలుపు, ప్రతి వీధీ తెలుపు, వాడ కూడా తెలుపే. వాడలోకి ఏ వేళప్పుడు వెళ్లడానికైనా అతనికి అడ్డు లేదు. మాదిగ ఇంటి ఆడమనిషి అడుగు ప్రకారం అదే ఊరు గీయండి. గుడి నలుపు. దిమ్మ నలుపు. కొన్ని వీధులు పనివేళల్లో తెలుపు, పండగనాడు నలుపు. కాలవ గట్టు పొద్దున తెలుపు, చీకటి పడితే నలుపు. ఒకే ఊరికి ఒకే పటం సరిపోదు. అందరికీ చెందిన స్థలం అని డిజైన్ పుస్తకాలు ఎంత తేలిగ్గా అంటాయో, ఆ అందరూ ఎంత కొద్దిమందో ఈ రెండు పటాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

జాషువా 1941లో గబ్బిలం ప్రచురించాడు. వినుకొండలో పుట్టిన ఆ కవి అంటరానివాడి గోడు శివుడికి చేరవేయడానికి గబ్బిలాన్ని దూతగా ఎందుకు పంపాడు? ఎందుకంటే గుడి లోపలికి మనిషికి లేని దారి గబ్బిలానికి ఉంది. సాహిత్య విమర్శకులు దీన్ని మేఘసందేశంతో పోల్చి చాలా రాశారు. నాకు మాత్రం అందులో ఒక పటం కనపడుతుంది. గబ్బిలం అడుగుకు తెల్లగా ఉన్న గది మనిషి అడుగుకు నల్లగా ఉంది.

ఒక సినిమా హాలు, ఒక చెరువు

రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగాన్ని ఈ దృష్టితో చదవాలి. సమానత్వం గురించి పెద్దపెద్ద మాటలు చెప్పడం మానేసి అది స్థలాల జాబితా చదువుతుంది. మొదటి ఖండంలో దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు. రెండో ఖండంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం చేరే చోట్లు. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టిన ఉద్యమం వెనక ఉండబట్టే ఈ జాబితా ఇంత కచ్చితంగా వచ్చింది. కప్పున్న చోట్లు ఒక ఖండం, కప్పులేని చోట్లు ఒక ఖండం అనుకోవచ్చు. మన పక్కనే జరిగిన రెండు మారణకాండలు ఈ రెండు ఖండాల మీదా జరిగాయి.

1985 జూలైలో కారంచేడులో గొడవ చెరువు దగ్గర మొదలైంది. మాదిగలు తాగే నీళ్లలో గేదెల కుడితి నీళ్లు కలిపితే అదేంటని అడిగారు. మున్నంగి సువార్త నీళ్ల బిందెతో వచ్చి ఎదురుతిరిగింది. జూలై 17న దాడి చేసి ఆరుగురిని చంపారు. ఊరు వదిలిన జనం చీరాల చేరారు, చాలామంది అక్కడే ఉండిపోయారు. ఆ పోరాటంలోంచి దళిత మహాసభ పుట్టింది. 1991 జూలైలో చుండూరులో సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు వరసలో కూర్చున్న అగ్రకుల యువకుడికి తగిలింది. ఆ తరువాత వెలి. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి కాలవల్లో పడేశారు. చుండూరు కూడా తెనాలి పక్కదే. కొల్లిపర తెనాలికి ఒకవైపు, చుండూరు ఇంకోవైపు.

సినిమా హాలు లోపలి అమరికను గురించి ఆలోచించాలి. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులున్నాయి గానీ అవి టిక్కెట్టు డబ్బుల ప్రకారం. డబ్బులిస్తే ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు. పైగా చీకటి. ఎవరు లేవాలో, ఎవరు జరగాలో చీకట్లో చెప్పడం కష్టం. డెల్టా ఊళ్లలో కులాలన్నిటినీ ఒకే కప్పు కింద, ఒకే ఎత్తు కుర్చీల్లో, మూడు గంటలపాటు కూర్చోబెట్టిన మొదటి గదుల్లో సినిమా హాలు ఒకటి. పక్కా డిజైన్ నిపుణుణ్ని పిలిస్తే వరసల మధ్య ఇంకో అర అడుగు ఎడం పెంచమంటాడు, కాలు తగలదు గదా అంటాడు. ఇంటీరియర్ ఆర్కిటెక్చర్ దృష్టిలో ఉన్న లోటు ఇక్కడ బయటపడుతుంది. అది సౌకర్యాన్ని కొలుస్తుంది, ఆధిపత్యాన్ని కొలవదు. కాలు తగలడం వల్ల చుండూరులో ఎనిమిది ప్రాణాలు పోలేదు. కాలు తగిలినా క్షమాపణ చెప్పనక్కర్లేదనేంత చదువూ ఉద్యోగాలూ వాడలోకి రావడం ఊరికి గిట్టలేదు. ఎడం పెంచితే ఊరు సంతోషిస్తుంది. ఊరు వెయ్యేళ్లుగా అడుగుతున్నది ఎడమే కదా.

కారంచేడు చెరువు విషయంలో దీనికి తిరగేసి చెప్పాలి. అక్కడ డిజైన్ నిజంగా లేదు. తాగేనీళ్ల రేవుకూ పశువుల రేవుకూ మధ్య కట్ట, మెట్లు, బిందె దించుకునే గట్టు, ఇవన్నీ పంచాయతీ చేయాల్సిన పనులు. ఊరి నీళ్లకు ఉండే కాపలా వాడ నీళ్లకు ఎందుకు లేదు అన్నది ఇంజనీరును అడగాల్సిన ప్రశ్నే. కాబట్టి డిజైన్‌తో ఏమీ కాదు అనడం లేదు నేను. ఎక్కడ దూరం పెంచాలి, ఎక్కడ దగ్గర చేయాలి అన్నది సౌందర్యశాస్త్రం ఒక్కటే తేల్చలేదు. ఆ లెక్క కులం తెలిసినవాళ్లు తేల్చాలి.

గది దొరకనివాడి తోట

విదేశాల్లో చదువుకుని తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరిన అంబేద్కర్‌కు ఆ ఊళ్లో గది దొరకలేదు. కులం దాచుకుని పార్శీల సత్రంలో చేరాడు. పాత సామాన్లు పడేసిన చీకటి హాలు అది. కొద్దిరోజులకే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. స్నేహితులు కూడా ఇంట్లో చోటివ్వడానికి జంకారు. రైలు రాత్రికి గాని లేదు. అప్పటిదాకా ఆయన గడిపింది కమాతీ బాగ్ అనే పబ్లిక్ తోటలో.

బహిరంగ స్థలం అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఘటన నాకు తెలియదు. లోపలి గదులన్నీ తలుపులు వేసుకున్నాక మనిషికి మిగిలే చోటు అది. ఆ తోట అంబేద్కర్‌ను నీదే కులమని అడగలేదు. ఆరుబయటను గదిలాగా చేయాలి అనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. గది గుణాల్లో నీడా కూర్చునే చోటూ తాగే నీళ్లూ దీపమూ తీసుకోండి. తలుపూ కాపలావాడూ ఇంటాయనా మాత్రం వద్దు. ఇవ్వాళ పట్నాల్లో పార్కులకు గేటు, టిక్కెట్టు, నడక క్లబ్బుల పెత్తనం, పడుకోకుండా మధ్యలో ఇనుప కడ్డీలు వేసిన బెంచీలు చూస్తున్నాం. ఈ 'గది' ఎటు పోతుందో తెలుస్తూనే ఉంది. అరుగు మళ్లీ లేస్తోంది.

వాడ చేసిన డిజైన్

ఇంతకీ దళితులు ఎప్పుడూ డిజైన్‌కు బాధితులేనా? కాదు. గత నలభై ఏళ్లలో తెలుగు పల్లెల్లో బహిరంగ స్థలాన్ని అందరికంటే గట్టిగా మార్చింది వాళ్లే. పల్లె మొగలో, రోడ్డు మలుపులో, బస్సు ఆగే చోట అంబేద్కర్ విగ్రహం నిలబెట్టారు. కూలి డబ్బుల్లోంచి చందాలు వేసుకుని, మూడు మెట్లు కట్టి, దిమ్మ పోసి, లైటు పెట్టారు. విగ్రహాలు చేసే శిల్పులకు తెనాలి పేరుపడ్డ ఊరు. అక్కడ ఆయన కోటూ చేతిలో పుస్తకమూ ఎన్ని వందలసార్లు అచ్చుపోసి ఉంటారో.

ఆర్కిటెక్చర్ పత్రికలు ఈ విగ్రహాలను ఎప్పుడైనా పట్టించుకున్నాయా? నీలం రంగు, సిమెంటు, కొలత కుదరని చెయ్యి అని నవ్వుకోవడం తప్ప. కానీ ఆ దిమ్మ దగ్గర సాయంత్రం అరగంట కూర్చోండి. అక్కడ మెట్టే బెంచీ. విగ్రహం నీడే కప్పు. కుర్రాళ్లు చదువుకునే దీపం అదే, మీటింగు వేదిక అదే, పెళ్లికొడుకు మొదట దణ్ణం పెట్టే చోటు అదే. రచ్చబండకు ఎదురు నిలిచిన దిమ్మ అది. చాలాచోట్ల దాని చుట్టూ ఇనుప ఊచలు బిగించాల్సి వచ్చింది. ఆ ఊచలు కూడా డిజైనే. విగ్రహాన్ని కాపాడుతున్న ఊచలు ఊరు ఎట్లాంటిదో కూడా చెబుతున్నాయి.

చుండూరు మృతులను ఎక్కడ ఖననం చేశారో గుర్తుచేసుకోండి. మన ఊళ్లలో వాడ శ్మశానం పొలాలకు అవతల, దారి లేని చోట ఉంటుంది. శవాన్ని మోసుకెళ్లాలంటే ఎవరి గట్టు తొక్కాలో అనుమతి అడగాలి. చుండూరులో జనం తమ వాళ్లను ఊరి మధ్యలో పూడ్చిపెట్టారు. రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఏ ఆర్కిటెక్టూ గీయని పటం అది. ఊరి నడిబొడ్డు ఎవరిదన్న ప్రశ్నను చనిపోయినవాళ్లతో అడిగించారు.

ఆ తరువాత జరిగింది కూడా స్థలానికి సంబంధించిందే. ప్రత్యేక న్యాయస్థానాన్ని చుండూరులోనే పెట్టాలని కొట్లాడారు, సాధించారు. బొజ్జా తారకం లాంటి న్యాయవాదులు ఆ పోరాటంలో నిలబడ్డారు. సాక్షి చెప్పే ఆడమనిషి బస్సెక్కి ఎక్కడో తెలియని పట్నం హాల్లో బిక్కచచ్చి నిలబడనక్కర్లేకుండా, తన ఊళ్లోనే తనవాళ్లు చూస్తుండగా మాట్లాడింది. న్యాయం గది ఎక్కడుండాలి అనేది కూడా డిజైన్ ప్రశ్నే అని దీనికంటే బాగా ఎవరు చూపించారు? 2007 జూలై 31న ఆ గదిలో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014 ఏప్రిల్‌లో హైదరాబాదులోని హైకోర్టు గదిలో అందరూ నిర్దోషులయ్యారు. రెండు గదుల మధ్య దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టలేం.

ఇక ముందు

ఇవన్నీ పాత సంగతులు, ఇప్పుడు సిమెంటు రోడ్లు వచ్చాయి, కాలనీలు వచ్చాయి అంటారు. వచ్చాయి. కానీ బలహీనవర్గాల కాలనీని ప్రభుత్వం ఎక్కడ కట్టింది? చాలాసార్లు వాడకు అవతలే, పల్లంలోనే. పేరు కాలనీ, పటం పాతదే. కొల్లిపర ఉన్న ఒడ్డునే కృష్ణకు ఎగువన అమరావతి రాజధానికి 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. లండన్ సంస్థ ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ గీసిన బొమ్మల్లో నడుమ పచ్చిక, నీళ్లు, నీడన నడిచే జనం చక్కగా ఉన్నారు. ఆ పచ్చిక కింది నేల విషయంలో 2015 నాటి భూసమీకరణ నిబంధనలు పట్టా రైతుకు ఇస్తామన్నంత స్థలం అసైన్డ్ భూమి రైతుకు ఇవ్వలేదు. అసైన్డ్ భూముల్లో ఎక్కువగా ఎవరున్నారో వేరే చెప్పాలా? బొమ్మలో నీడ అందరికీ సమానంగా పడుతుంది. నేల లెక్కలో మాత్రం కాదు.

2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. అంతకుముందు ఏడాది ఏప్రిల్ 14న హైదరాబాదులోనూ అంతే ఎత్తు విగ్రహం లేచింది. గర్వించాల్సిందే. కానీ ఎత్తు మళ్లీ మనల్ని తల పైకెత్తి చూసేవాళ్లుగా నిలబెట్టకుండా చూసుకోవాలి. పల్లె మొగలో ఆయన మనిషి ఎత్తున ఉంటాడు, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని పేపరు చదువుకోవచ్చు. ఆ చిన్న దిమ్మకు పంచాయతీ లెక్కల్లో నీళ్ల కుళాయి, దీపం, చెట్టు ఇప్పించడం 125 అడుగుల పనికి తక్కువదేం కాదు.

కాబట్టి ఆరుబయటి గది గురించి మాట్లాడే ఆర్కిటెక్టులను మనం నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ చోటుకు ఏ దారిన రావాలి, ఆ దారి ఎవరి గుమ్మాల ముందునుంచి పోతుంది? ఇక్కడ కూర్చున్నవాణ్ని లేపగలిగే మనిషి ఎవరైనా ఉన్నాడా? నీళ్లూ మరుగుదొడ్డీ దీపమూ ఆడవాళ్లకు చీకటి పడ్డాక కూడా పనికొస్తాయా? దీన్ని కట్టిన తాపీ మనిషి, ఊడ్చే మనిషి పని అయ్యాక ఇక్కడే కూర్చోగలరా? ఈ నాలుగింటికీ జవాబు లేని బొమ్మ ఎంత అందంగా ఉన్నా అది పాత అరుగుకు కొత్త రంగే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. మీ బడిలో, కాలేజీలో విద్యార్థుల చేత వాళ్ల ఊరి పటం నొల్లి పద్ధతిలో గీయించండి. వాడ పిల్లలు వేరే, ఊరి పిల్లలు వేరే గీయాలి. తరువాత రెండూ ఒకే గోడకు పక్కపక్కన తగిలించాలి. ఒక పటంలో తెల్లగా ఉండి ఇంకో పటంలో నల్లగా ఉన్న ప్రతి చోటూ మన సంఘాలకు ఒక పని. 15వ అధికరణం జాబితా ఇచ్చింది. చోట్లను ఒక్కొక్కటిగా తెల్లబరచడం మిగిలి ఉంది. వాడలోంచి ఆర్కిటెక్చర్ చదువుకు వెళ్లిన పిల్లలు ఈ పటాల మీద మాట్లాడాలి. వాళ్ల మాట కోసం ఎదురుచూద్దాం.